వెనుకకు చూచు మాటలు

రచ్చబండమీద ఎవరైనను ఒక కథ నెత్తుకొన్నచో "వెనుకటికొకడు" అని మొదలుపెట్టుదురు. గడచిన కాలము మన వీపు వెనుక నున్నదని ఆ మాట భావము. ఆ పెద్దమనిషియే మరికొంతసేపటికి "ముందు వచ్చిన చెవులకన్న వెనుక వచ్చిన కొమ్ములు వాడి" యనును. ఇచ్చట ముందు వచ్చినది పాతది, వెనుక వచ్చినది క్రొత్తది. ఒక మాటలో గతము వెనుక నున్నది. మరియొక మాటలో అదియే ముందున్నది. ఇది మన భాషలోని పొరపాటు కాదు. నడచిపోవువానికి గడచిన త్రోవ వెనుకబడును. త్రోవప్రక్కను నిలిచి, వరుసగా పోవు జనమును చూచువానికి మొదట పోయినవాడే ముందుండును. గతమును నడచుచు చూచుటయు కలదు, నిలిచి చూచుటయు కలదు. ఈ రెండవ చూపును గూర్చియు, దానికి మనవారు వాడుకొను మాటలను గూర్చియు ఈ పూట కొంత మనవి చేయదలచితిని.

ఇది పండితులు కాలక్షేపమునకు చేయు పదచర్చ యని తలపవలదు. జరిగినదానికి మనము పెట్టిన పేరును బట్టియే ఒక మనుష్యుడు దొంగగానో వీరుడుగానో, ఒక యలవాటు ధర్మముగానో అధర్మముగానో మన మనుమలకు అందుచున్నది. పేరు తప్పైనచో తీర్పు తప్పును. కావున గతమును తిరిగి విమర్శింపదలచినవాడు మొదట దాని పేరును విమర్శింపవలెను. నేను చెప్పదలచిన దింతియే. తక్కినదంతయు దీనికి సాక్ష్యము.

సంస్కృతమునుండి మనకు మూడు మాటలు వచ్చినవి. 'ఇతిహాసము' అనగా 'ఇట్లు గదా యుండెను' అని యర్థము; అది చెప్పువాని నమ్మకమును తెలుపును. 'పురాణము' అనగా పాతది. అది వయస్సును మాత్రమే తెలుపును. 'చరిత్రము' అను మాట నడచుట యను నర్థము గల ధాతువునుండి పుట్టినది. తెలుగున నడచుటనుండి 'నడత' వచ్చినట్లే అదియు వచ్చినది. కావున చరిత్ర యన్నప్పుడే అందు 'నడత యెట్టిది?' అను ప్రశ్న యిమిడి యున్నది. రాజులు, యుద్ధములు, తేదులు ఏమి జరిగెనో చెప్పును. నడతను తూచినప్పుడుగాని అది చరిత్రము కాదు.

పల్లెల కచేరీలనుండి వచ్చినవి మరి రెండు: కైఫీయత్తు, బేరీజు. కైఫీయత్తు అరబ్బీ మాట, 'ఎట్లు?' అను ప్రశ్నయే దానికి మూలము. కల్నల్ కాలిన్ మెకంజీ (1754–1821) పనుపున కావలి వేంకట బొఱ్ఱయ్య, ఆయన సోదరుడు లక్ష్మయ్య మొదలగువారు పూనుకొని, ఊరూర కరణములను, వృద్ధులను అడిగి, కవిలెలను చూచి కూర్చినవే నేడు మనము చెప్పుకొను గ్రామ కైఫీయత్తులు. బొఱ్ఱయ్య 1803లో చిన్న వయసుననే మరణించెను. పని మాత్రము నిలిచిపోలేదు. తరువాతి కాలమున బ్రౌనుదొర వానిలో అనేకమునకు నకళ్లు వ్రాయించెను. ఆ కైఫీయత్తులలో రాజుల కాలములు తారుమారైన చోట్లు కలవు. దేవతలు కలలో కనబడిన కథలు కలవు. అయినను చెరువు ఎవరు త్రవ్వించిరి, మాన్యము ఎవనికి ఎందుకు వచ్చెను, పన్ను ఎట్లు పెరిగెను అను సంగతులు మరెచ్చటను దొరకనివి అందు దొరకును.

బేరీజు అనగా గ్రామమునకు కట్టిన శిస్తు మొత్తము. కరణము పద్దులన్నియు కూడి తేల్చిన లెక్క. కరణపు ఉద్యోగము 1984లో రద్దయ్యెను. మాట మాత్రము బ్రతికినది. ఒక సంగతి మంచిచెడ్డలను కూడి, తీసి, విలువ కట్టుటను నేటికిని 'బేరీజు వేయుట' యనియే యందుము. భూమి అదియే యైనను శిస్తు తిరిగి కట్టుదురు గదా! అట్లే జరిగినది మారకున్నను దాని విలువను తిరిగి కట్టవచ్చును. కాని పద్దు చూడక బేరీజు వేయరాదు.

మన పల్లెలు తమ గతమునకు తామే పెట్టుకొన్న పేర్లు కొన్ని కలవు. వానిలో శకములు, తేదులు ఉండవు, సంవత్సరము పేరుండును. 1832–33 నాటి కరువును గుంటూరుసీమలో నందన కరువనిరి. డొక్కలు మాడిన జనమును తలచి డొక్కల కరువనియు అనిరి. 1876లో మొదలైన మహాక్షామమును ధాత కరువనిరి. ఈ పేర్లలో సాక్ష్యము కలదు. వ్రాత రాని జనము తమ దుఃఖమునకు వేసికొన్న గుర్తులవి. కాని పేరులో కారణము లేదు. కరువునకు సంవత్సరము పేరు పెట్టగానే తప్పు సంవత్సరముమీదికి పోయినది. నందన వచ్చెను, వానలు పోయెను, జనము చచ్చిరి. ఇంతటితో విచారణ ముగిసినది.

గుంటూరు జిల్లాలో లక్షకు మించి జనము మరణించిన ఆ కరువునాడు కృష్ణానది ప్రక్కనే యుండెను. నీరు పొలమునకు రాలేదు. వానలు లేకపోవుటయే కాక, నీటిని నిలిపి మళ్లించు కట్టలు లేకపోవుటయు కారణమని తరువాత విచారించినవారు చెప్పిరి. ఆర్థర్ కాటన్ పూనికతో గోదావరిపై ధవళేశ్వరమువద్ద 1847లో మొదలైన ఆనకట్ట 1852లోను, కృష్ణపై బెజవాడవద్ద ఆనకట్ట 1855లోను పూర్తియయ్యెను. 'దైవికము' అను మాటను తీసి 'మానవుని ఉపేక్ష' అను మాట పెట్టినప్పుడే ఆ కాలువలు పుట్టినవి. ధాత కరువునాటికి రైళ్లు నడచుచుండెను; ఓడలలో ధాన్యము విదేశములకు పోవుచునే యుండెను. కరువుపనికి వచ్చిన కూలికి దినమునకు ఒక పౌను ధాన్యపు వెలయు, పైన స్వల్పముగా కాసులును చాలునని రిచర్డ్ టెంపులు 1877లో ఏర్పాటు చేసెను. ఇవి ధాత సంవత్సరము చేసిన పనులు కావు.

కరువు పేరు మన మనుకొన్నది. మరియొకరు మనకు పెట్టిన పేరు చూతము. 'పితూరీ' అను మాట అరబ్బీలో పుట్టి హిందూస్థానీ మీదుగా తెలుగునకు వచ్చినది. లోపము, అలజడి, దుండగము దాని అర్థములు. నేడు ఒకనిమీద మరియొకడు చాడీలు చెప్పుటను 'పితూరీలు చెప్పుట' యందుము. 1879లో రంప మన్యమున కొండజనము తిరుగబడినప్పుడు దొరలు దానిని రంప పితూరీ యనిరి. మైదానపు మనవారును ఆ మాటయే పట్టుకొనిరి.

దుండగ మెచ్చట మొదలయ్యెను? కొండవాడు తన యింటికి గీసికొను కల్లును నిషేధించి, గుత్తదారులను పెట్టి చిగురుపన్ను వసూలు చేసిరి. మన్సబుదారు పన్నులు పెంచెను. మైదానమునుండి వచ్చిన వర్తకులు చదువురాని కొండవానిచే కాగితములు వ్రాయించుకొని, కోర్టు డిక్రీలతో వాని పశువులను తోలుకొని పోయిరి. తిరుగుబాటు అణగిన పిమ్మట ప్రభుత్వమే విచారణ చేసి, ఈ బాధలు నిజమని తేల్చి, మన్సబుదారును తొలగించెను. అనగా అణచినవారి కాగితములలోనే తిరుగబడినవారి పక్షమున సాక్ష్యమున్నది. అయినను పేరు మాత్రము పితూరీగనే నిలిచెను.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీసు స్టేషనుపై పడెను. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. అడవి చట్టములు పోడు వ్యవసాయమును బిగించినవి. రోడ్డు పనులలో కూలి సరిగా ఈయక జనమును వెట్టికి తోలిరి. ప్రభుత్వము మలబారు పోలీసులను, అస్సాం రైఫిల్సును రప్పించెను. 1924 మే 7న ఆయనను చంపిరి. అదియు అప్పటి కాగితములలో పితూరీయే. ఆయన అనుచరులలో నొకడైన గాము మల్లుదొర దీర్ఘకాలము చెరనుండి, 1952లో విశాఖపట్టణము నుండి లోకసభకు ఎన్నికయ్యెను. 2022 ఏప్రిల్ 4న పాడేరు ముఖ్యపట్టణముగా ఏర్పడిన జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరే పెట్టిరి. పితూరీదారుడని వ్రాసిన కచేరీ కాగితముల తలకట్టుననే నేడాయన పేరు వ్రాయుచున్నారు.

ఇట్టి మార్పు మనకు సంతోషము కలిగించును. అందుచేతనే ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. పేరు మార్చినంతమాత్రమున విచారణ ముగియదు. 1857 నాటి సంగతిని దొరలు సిపాయిల తిరుగుబాటు అనిరి. మనవారు ప్రథమ స్వాతంత్ర్య సంగ్రామమనిరి. నూరేండ్లు నిండిన 1957లో ఇద్దరు గొప్ప చరిత్రకారులు దానిపై గ్రంథములు ప్రకటించిరి. సురేంద్రనాథ సేన్ నడిమి మార్గమును పట్టెను. రమేశచంద్ర మజుందారు ఆ క్రొత్త పేరును అంగీకరింపనే లేదు. వారు దేశద్రోహులు కారు. క్రొత్త పేరునకును పాత పేరునకు అడిగినంత సాక్ష్యమే అడిగిరి. మనకు ఇంపైన మాట గనుక సాక్ష్యము తక్కువైనను చాలుననుకొనుట విమర్శ కాదు. విమర్శ యను మాటలోని ధాతువునకు తాకి చూచుట యని యర్థము. గోనెలో చేయి పెట్టి గింజను వ్రేళ్లతో నలిపి చూచునట్లు చూడవలెను.

ఇంతవరకు పైకెత్తిన పేర్లను చెప్పితిని. క్రిందికి దింపవలసి వచ్చిన పేర్లును కలవు. కష్టమంతయు అందే యున్నది. 'ఆచారము' మనకు గౌరవపదము. దానికి ముందు 'దుర్' అను ఉపసర్గ చేర్చి 'దురాచారము' అని పలుకుటకు మన పెద్దలకు కొన్ని తరములు పట్టినది. ముక్కుపచ్చలారని పిల్లలను ముసలివానికి వెలకు ఇచ్చుట ఆచారమే. భర్త పోయిన పసిపిల్ల జీవితాంతము ఏకాకిగా నుండుట ఆచారమే. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహము జరిపించినప్పుడు ఆయనను ఎదిరించినవారు దుష్టులు కారు. ఆచారమను మాటను విమర్శింపనివారు.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1897లో అచ్చుపడినది. దాని పీఠికలో ఒక లెక్క కలదు. విజయనగరము మహారాజావారు విశాఖపట్టణము జిల్లాలో మూడేండ్లలో జరిగిన ఇట్టి పెండ్లిండ్ల జాబితా తీయించిరి. దొరికినవి 1,034. అందు అయిదేండ్లకు లోబడిన పిల్లలును ఉండిరి. చూచితిరా, బేరీజు ఎట్లు వేయవలెనో! ఆచారము మంచిదా చెడ్డదా యని వాదించువానికి శాస్త్రములు ఇరువైపులను దొరకును. ఒక్కొక్క పిల్లను లెక్కపెట్టి వరుసగా వ్రాసిన పిమ్మట మాట మారక తప్పలేదు.

మరియొక పేరు చెప్పెదను. మన సమాజమున వెలివాడలో పెట్టినవారిని 'పంచములు' అను చుండిరి, అయిదవవారని యర్థము. 1917లో బెజవాడలో పంచమ మహాసభ జరిగినది. అధ్యక్షుడు హైదరాబాదు వాస్తవ్యుడు భాగ్యరెడ్డి వర్మ. ఈ పేరు మాకెవరు పెట్టిరి, ఏ శాస్త్రమున నున్నదని ఆయన ప్రశ్నించెను. తాము ఈ నేలకు మొదటివారమని, ఆ సభ ఆది ఆంధ్ర మహాసభ యను పేరు ధరించెను. అయిదవవారు మొదటివారైరి. పేరు పెట్టబడినవారే తమ పేరును విమర్శించిన సందర్భమిది. అందుచే దీనికి బలమెక్కువ.

ఈ సంగతులన్నియు నేను పుస్తకములలో చదివినవే. చదివినంతమాత్రమున నాకు బుద్ధి వచ్చినదని చెప్పలేను. కొన్నేండ్ల క్రిందట మా యూరి చరిత్రమును వ్రాసి రామమందిరము ముందు చదివి వినిపించితిని. అందు "ఊరివారందరును కలిసి ఊరుమ్మడి బావి త్రవ్వించుకొనిరి" అని యొక వాక్యము. ఆ పనికి మా తాతగారు పెద్దరికము వహించిరి గనుక ఆ వాక్యమును కొంచెము గొంతెత్తి చదివితిని. చదువుట ముగిసిన పిమ్మట చివర కూర్చున్న యొక వృద్ధుడు లేచెను. "బాబూ, ఆ అందరిలో మేమున్నామాండీ? బావి తవ్వినప్పుడు మట్టి మోసింది మా తాతలే. నీళ్లు మాత్రం మా కడవలో పైనుంచి పోసేవారు. ఎవరూ రాకపోతే పొద్దెక్కేదాకా కూర్చునేవాళ్లం" అనెను. కోపముతో అనలేదు. లెక్కలో విడిచిన పద్దును చూపినట్లు అనెను.

సభలో నొక పెద్దమనిషి "పాత సంగతులు ఇప్పుడు తిరగదోడడ మెందుకు?" అనెను. కొందరు తలయూపిరి. నాకు ఆ రాత్రి జవాబు తోచలేదు. తాతగారు మంచివారు, నన్నెత్తుకొని పెంచినవారు. ఆయన పేరు గల శిల ఆ బావి గట్టుననే యున్నది. ఆ వృద్ధుని మాటయు నిజము. ఈ రెండు నిజములను ఒకే వాక్యమున వ్రాయు మాట నాయొద్ద లేకపోయెను.

తరువాత ఆ పెద్దమనిషి వాడిన మాటనే పట్టి ఆలోచించితిని. తోడుట యనగా లోపలనుండి పైకి తీయుట. మానిన పుండును కెలుకుటకును తోడుట యందుము. నూతిలో ఊట పూడిపోయినప్పుడు ఒండ్రు ఎత్తి పోయుటకును తోడుట యనియే యందుము. చేయి చేసెడి పని ఒక్కటే, ఫలము వేరు. పగ కొరకు కెలికినచో పుండు పెరుగును. ఊట కొరకు తోడినచో మొదట బురదనీరే వచ్చును. అది చూచి తోడుట మానినవానికి మంచినీరు దొరకదు. పూడు తీయని నూయి ఎవరి తాత త్రవ్వించినదైనను ఎండును.

మా యూరి చరిత్రములో ఆ వాక్యమును కొట్టివేసితిని. మా తాతగారి పేరును కొట్టివేయలేదు. "ఫలానావారి పెద్దరికమున, వెలివాడ జనము మట్టి మోయగా బావి త్రవ్వబడెను, వారికి చేద వేయు హక్కు ఈయలేదు" అని వ్రాసితిని. 'ఊరుమ్మడి' యను మాటను తీసివేసితిని. అంటరానితనము 1950 నాటి రాజ్యాంగముతో చట్టమున రద్దయ్యెను గాని, ఆ ఒక్క మాటను తీయుటకు నాకు అంతకన్న చాల యేండ్లు పట్టినది. సంస్కృతమున పశ్చాత్తాపమందురు: తరువాత కాలుట. జరిగిననాడు తాకని వేడి తరువాత తాకును. ఆ వేడిని ఓర్చుకొని వ్రాసినదే నమ్మదగిన చరిత్రమని నాకు తోచుచున్నది.

కాబట్టి గతమును తిరిగి చూచువారికి మూడు ప్రశ్నలు మనవి చేయుచున్నాను. ఈ సంగతికి ఈ పేరు పెట్టినవారెవరు? ఆ పేరు మోసినవారిని ఎవరైన అడిగిరా? పేరు మార్చుట వలన నాకు గౌరవము పెరిగినప్పుడు ఎంత సాక్ష్యము అడిగితినో, తరిగినప్పుడు అంతకన్న ఎక్కువ అడుగుచున్నానా? మూడవ ప్రశ్నవద్దనే మనలో పెక్కుమంది తడబడుదుము. పితూరీని సంగ్రామమనుటకు ఉత్సాహపడు మనమే, ఆచారమును దురాచారమనుటకు నూరు శాస్త్రములు తిరుగవేయుదుము. రెంటికిని త్రాసు ఒక్కటే కావలెను.

మన శాస్త్రకారులు వెనుకకు చూచుటకు ఒక మంచి మాట పెట్టిరి: సింహావలోకనము. సింహము కొంత దూరము నడచి, ఆగి, మెడ త్రిప్పి వచ్చిన త్రోవను చూచునట. లేడియు వెనుకకు చూచును. పరుగెత్తుచు, భయముతో చూచును, కావున దానికి త్రోవ సరిగా కనబడదు. సింహము నిలిచి చూచును. చూచి అక్కడనే కూలబడదు. తిరిగి నడక సాగించును.

పెద్దలారా, మీ యూరికి కైఫీయత్తు వ్రాయదగిన సాక్షులు మీరే. చెరువుగట్టున, కచేరీసావడిలో మీరు విన్న పేర్లు మీతో పోయినచో వానిని తిరిగి విమర్శించుటకు సయితము ఎవరికిని వీలుండదు. ఒక కాగితము తీసికొని, మీ యూరిలో ఏ బావికి, ఏ బాటకు, ఏ కరువునకు, ఏ తగవునకు ఏ పేరున్నదో వ్రాయుడు. ఆ పేరు ఎవరు పెట్టిరో ప్రక్కను వ్రాయుడు. వ్రాసినదానిని అచ్చునకు పంపక పూర్వము ఊరి చివర యింటివానికి ఒకమారు చదివి వినిపింపుడు. అతడేమైన అన్నచో దానినిగూడ వ్రాయుడు.